పృచ్ఛన

స్వాధ్యాయమునకు గల 5 అంగములలో పృచ్ఛన యొకటి. పృచ్ఛన యనగా అడుగుట. అడుగువానికి ఇది తపస్సైనచో, అడిగించుకొనువానికి ఇంకను కఠినమైన తపస్సు.

ఉపాసకదశాంగములోని ఆనందుని చూడుడు. వాణిజ్యగ్రామవాసి. నిధిలో 4 కోట్ల సువర్ణము, వడ్డీలో 4 కోట్లు, గృహసంపదలో 4 కోట్లు గలవాడు. (మన ఖాతాపుస్తకములు ఆయన యెదుట ఏపాటివి!) వార్ధక్యమున సర్వమును పెద్దకుమారునకు అప్పగించి, పోషధశాలలో సల్లేఖన పట్టి, లేవలేని స్థితిలో నుండగా గౌతమస్వామి వచ్చిరి. తనకు అవధిజ్ఞానము కలిగినదని, అది ఎంతదూరము వ్యాపించినదో ఆనందుడు విన్నవించెను. గృహస్థునకు అంత విస్తారముగా కలుగదు, పలికినదానికి ప్రాయశ్చిత్తము చేసికొనుమని గౌతములు చెప్పిరి.

"స్వామీ! జినశాసనమున సత్యము పలికినవానికిని ప్రాయశ్చిత్తము కలదా?"

"లేదు."

"అట్లయిన అది తమకే వర్తించును గదా!"

అడిగించుకొన్నది ప్రథమ గణధరుడు, నాలుగు జ్ఞానములు గలవాడు. అడిగినది దర్భశయ్యపై కృశించిన గృహస్థు. కసరి లేచిపోవచ్చును. గౌతములు కసరలేదు, సందేహముతో మహావీరస్వామి సన్నిధికి పోయి అడిగిరి. దోషము గౌతమునిదే యని స్వామి సెలవిచ్చిరి. వెంటనే తిరిగివచ్చి ఆనందుని క్షమాపణ వేడిరి.

మన అంగళ్లలో గుమాస్తా చిట్టాలో తప్పు కనిపెట్టియు, యజమాని ముఖము చూచి నోరు మూసికొనును. ఆ తప్పు దీపావళి లెక్కలవరకు పెరుగును. ఇంటిలో బిడ్డ, సూర్యాస్తమయము తరువాత భోజనమేల కూడదని అడిగిన, "పెద్దలు చెప్పినారు, ఊరకుండుము" అందుము. దీపపు వెలుగునకు చేరు పురుగుల సంగతి చెప్పుటకు ఎంతసేపు? ఆ బిడ్డ మొదట అడుగుట మానును, పిదప ఆచరించుటయు మానును.

ఈ చాతుర్మాస్యమున ప్రవచనము ముగిసిన పిదప పిల్లలను ముందువరుసలో కూర్చుండబెట్టుడు. వారు అడుగునపుడు వెనుకనుండి గద్దింపకుడు.