తక్కువ బరువు రాసిన టీచర్ని తిట్టకు

బిడ్డా,

మీ నాయిన నిన్న పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, నీ మేనకోడలు నీ దారే పట్టింది" అన్నాడు. గొంతులో సంతోషం ఎంత ఉందో గుబులూ అంతే ఉంది. ఐసీడీఎస్‌లో అంగన్‌వాడీల సూపర్‌వైజర్‌గా సెలెక్ట్ అయ్యావంట. మీ అమ్మ మాత్రం బ్యాంకు పరీక్ష ఇంకొక్కసారి రాయరాదా అంటోందంట. రాయొద్దని నేననను. చేరేటట్టయితే మాత్రం చేరకముందే ఈ అత్త మాట ఒకటి విను. మాట ఒకటే, చెప్పడానికే కొంచెం సేపు పడుతుంది. పింఛన్ తీసుకునేవాళ్లకు తీరిక ఎక్కువ కదా.

నేను చేరిన కొత్తలో నా సెక్టారులో ఇరవై దాకా అంగన్‌వాడీ సెంటర్లు ఉండేవి. సగం ఊళ్లకు బస్సు లేదు. అప్పట్లో పిల్లల బరువును గ్రేడ్లుగా రాసేవాళ్లం. గ్రేడ్-3, గ్రేడ్-4 అంటే పరిస్థితి బాగా లేదని. ఒక ఊరి టీచరు ప్రతి నెలా గ్రేడ్-4 పిల్లల్ని నలుగురైదుగురిని చూపించేది. మిగతా సెంటర్లలో ఒకరు, లేదంటే సున్నా. సెక్టార్ మీటింగులో అందరి ముందూ ఆమెను నిలబెట్టి, "మీ ఊళ్లోనే ఇంతమంది ఎట్లున్నరు? సరుకంతా ఎటు పోతున్నది?" అని అడిగాను. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ఆమెకు నలభై దాటి ఉంటాయి. తల వంచుకుని కూర్చుంది.

మరుసటి నెల రిపోర్టులో గ్రేడ్-4 ఒక్కటీ లేదు. ఆ తర్వాతి నెలా లేదు. నా సెక్టారు బాగుపడిందని నేను మురిసిపోయాను. ప్రాజెక్టు మీటింగులో నన్ను మెచ్చుకున్నారు కూడా. వానాకాలంలో ఆ ఊరి రెండేళ్ల పాప విరేచనాలతో ఆస్పత్రిలో చేరింది. చూడటానికి పోయి ఎత్తుకుంటే పక్షిని ఎత్తుకున్నట్టుంది. కాంటా మీద ఏడు కిలోలు కూడా లేదు. రిజిస్టరులో పది అని ఉంది. టీచర్ని అడిగితే నా మొహం చూడకుండానే, "మీకు కావలసింది అదే కదా మేడం" అన్నది.

పాప బతికింది. బతక్కపోయి ఉంటే ఈ ఉత్తరం రాయడానికి నాకు మొహం ఉండేది కాదు. మిగతా సెంటర్ల సున్నాలు కూడా అసలు సున్నాలు కావని, నలుగురైదుగురిని చూపించిన ఆ ఒక్కతే సరిగ్గా తూచిందని నాకు తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

నా మాట ఇదే బిడ్డా. తక్కువ బరువు రాసిన టీచర్ని తిట్టకు. సూపర్‌వైజర్ అంటే రిజిస్టర్లు సరిచూసే మనిషి అనుకుంటారు. అది గుమాస్తా పని. చెడ్డ కబురు చెప్పడానికి భయపడని మనుషుల్ని తయారు చేసుకోవడమే నీ పని. నువ్వు మొహం చిట్లిస్తే రెండో రోజు నుంచి నీకు అన్నీ మంచి కబుర్లే వస్తాయి. ఆ కబుర్లు నీ దగ్గర ఆగవు. సెక్టారు నుంచి ప్రాజెక్టుకు, అక్కడి నుంచి జిల్లాకు, హైదరాబాదుకు, ఢిల్లీకి పోతాయి. మన రాష్ట్రంలో 149 ప్రాజెక్టులు, దాదాపు 35,700 సెంటర్లు ఉన్నాయి. ఒక్కో సెంటర్లో ముగ్గురు పిల్లల బరువు మారితే లెక్క లక్ష దాటుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవాళ్లు ఇల్లిల్లూ తిరిగి తూచి, తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి దాదాపు 32 మంది వయసుకు తగ్గ బరువు లేరని తేల్చారు. అంతకుముందు సర్వేకన్నా అది ఎక్కువ. ఆ సర్వే వచ్చినప్పుడల్లా మా ఆఫీసుల్లో అదెట్లా, మన దగ్గర ఇంతమంది లేరే అని ఆశ్చర్యపోయేవాళ్లు. నేను పైకి అనలేదు గానీ, ఆశ్చర్యపడేదేముంది?

నువ్వు రెండేళ్లు చేసి పాలసీ వైపు వెళ్తానన్నావంట. వెళ్లు, మంచిదే. టిస్‌లోనో, గచ్చిబౌలి రోడా మిస్త్రీ కాలేజీలోనో సోషల్ వర్క్ పీజీ చెయ్యి. పౌష్టికాహారం మీద మనసుంటే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, ఉండనే ఉంది. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. దేశమంతా వెతుక్కుంటూ వచ్చే చోటు నీకు సిటీ బస్సు దూరంలో ఉంది. డిపార్ట్‌మెంటులోనే ఉంటే ఏసీడీపీవో, ఆపైన ప్రాజెక్టును చూసే సీడీపీవో, అదృష్టం బాగుంటే జిల్లా సంక్షేమ అధికారి. ప్రమోషన్లు నత్తనడకన వస్తాయి, సీనియారిటీ లిస్టు మీద కోర్టు కేసులు పడతాయి, దానికి సిద్ధపడే చేరు.

కానీ పాలసీ అంటే ఏసీ గదిలో పుట్టేదనుకోకు. ఐసీడీఎస్ 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. చాలా ఏళ్లు అది ఒక పథకం మాత్రమే. సర్కారు దయ, ఊరి అదృష్టం. ఆకలి మీద సుప్రీంకోర్టులో కేసు పడి, 2001 నవంబరులో ప్రతి వాడకూ అంగన్‌వాడీ ఉండాలని ఆర్డరొచ్చింది. 2013 ఆహార భద్రత చట్టం వచ్చాక ఆరేళ్లలోపు పిల్లకు, గర్భిణికి, బాలింతకు ఆ అన్నం హక్కు అయింది. కాబట్టి గుడ్డు ఇచ్చేటప్పుడు "సర్కారు మీకు ఇస్తున్నది" అని ఉపన్యాసం ఇవ్వకు. వాళ్లది వాళ్లకు చేరుస్తున్నావు, అంతే.

శాంతా సిన్హా గారి పేరు విన్నావు కదా. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే మనిషి. ఎం.వి. ఫౌండేషన్ పేరున రంగారెడ్డి జిల్లా ఊళ్లల్లో జీతాలకున్న పిల్లల్ని బడికి పంపే పని పెట్టుకుంది. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది ఆమె పట్టు. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని అని గీతలు గీసుకుంటూ కూర్చున్న కాలంలో ఆ మాటకు చాలామంది ముఖాలు ముడుచుకున్నారు. 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో బాలల హక్కుల జాతీయ కమిషన్ పెడితే దానికి మొదటి చైర్‌పర్సన్ ఆమే. ఊళ్లో తల్లిదండ్రులతో వాదించి వాదించి గట్టిపడిన మాట కాబట్టి ఢిల్లీలో నిలబడింది.

మళ్లీ సెంటర్లోకి రా. మన పాలమూరు పిల్లల బరువుకో క్యాలెండర్ ఉంటుంది. వలసపోయే కాలంలో తల్లిదండ్రులతో ముంబైకో పుణెకో పోతారు, ఇసుక కుప్పల మీద పెరుగుతారు, పండుగకో జాతరకో తిరిగొస్తారు. రిజిస్టరులో 'వలస' అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. ఆ ముక్క చూసి పేజీ తిప్పేయకు. వాళ్లు తిరిగొచ్చిన వారంలోపల తూచమని చెప్పు. చేతి చుట్టుకొలత టేపు పెట్టి చూడు. ఆరు నెలలు నిండిన పిల్లలకు పదకొండున్నర సెంటీమీటర్లకు తగ్గితే ఆలోచించేది లేదు, డాక్టరుకు చూపించాలి, అవసరమంటే ఆస్పత్రిలోని ఎన్ఆర్సీకి (పోషకాహార పునరావాస కేంద్రానికి) పంపాల్సిందే.

పంపాల్సిందే అని రాయడం సులువు. పత్తి ఏరే రోజుల్లో తల్లిని రెండు వారాలు ఆస్పత్రిలో ఉండమంటే, "కూలి నువ్విస్తవా మేడం?" అంటుంది. న్యాయమైన ప్రశ్న. నేను మొదట్లో కోప్పడేదాన్ని. తర్వాత తర్వాత ఆమె అత్తను కూర్చోబెట్టి మాట్లాడేదాన్ని, పెద్ద పిల్లగాణ్ణి ఎవరు చూస్తారో, మేకల్ని ఎవరు కడతారో అడిగేదాన్ని. మేకల సంగతి తేలితే చాలాసార్లు తల్లి కదిలేది. ట్రైనింగులో మేకల గురించి ఎవరూ చెప్పరు.

సెంటరుకు తొమ్మిదిన్నరకల్లా చేరు, ముందు ఫోన్ చెయ్యకు. పట్టుకుందామని కాదు. వస్తున్నానని తెలిస్తే ఆ రోజు పప్పు చిక్కబడుతుంది, నీకు మామూలు రోజు కనపడదు. పిల్లల పక్కనే కూర్చుని అదే అన్నం తిను. నీకోసం వేరే గిన్నెలో వేపుడు తెస్తే వద్దని మెల్లగా చెప్పు. ఆరోగ్యలక్ష్మి భోజనంలో గర్భిణికి 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు ఉండాలి. పాలు అక్కడే తాగిందా, ఇంటికి పట్టుకెళ్లి టీ చేసుకున్నారా అని టీచర్ని కాదు, ఆమెనే అడుగు. బాలామృతం ప్యాకెట్టు బిడ్డకు రెండున్నర కిలోలు ఇస్తాం. ఇంట్లో అందరూ ఉప్మా చేసుకుని వారంలో ఖాళీ చేస్తారు. ఇంట్లో ఇంకొకరికి ఆకలి ఉంటే అది దొంగతనమా? నాకెప్పుడూ ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు, నీకు దొరికితే చెప్పు.

టీచర్లను 'మీరు' అనే పిలువు. నీకన్నా పెద్దవాళ్లను అక్కా అను, తప్పు లేదు. వాళ్లది జీతం కూడా కాదు, గౌరవ వేతనం. నేను దిగిపోయేనాటికి అది ఇంకా తక్కువ, తర్వాత 13,650 చేశారు. కూరగాయలకు, గ్యాసుకు ముందు తమ చేతి డబ్బు పెట్టి, బిల్లు ఎప్పుడొస్తుందా అని నెలల తరబడి చూస్తారు. సెంటర్ అద్దె కోసం ఇంటి ఓనరుతో మాటలు పడతారు. ఇప్పుడు వాళ్ల నెత్తిన ఫోను కూడా పడింది. పోషణ్ ట్రాకర్ అంట, ముఖం చూసి గుర్తుపట్టాకే సరుకు అంట. తండాలో సిగ్నల్ దొరక్క టీచరు ఫోన్ పట్టుకుని గుట్ట ఎక్కితే పిల్లలను ఆయమ్మ చూసుకుంటుంది, పొయ్యి మీది అన్నాన్ని ఎవరు చూస్తారు? యాప్‌లో ఎంట్రీ లేదని మెమో ఇచ్చే ముందు నువ్వొకసారి ఆ గుట్ట ఎక్కి రా.

ఇంకో సంగతి, ఇది గట్టిగా చెబుతున్నాను. బాల్య వివాహం కబురు నీకు ఎక్కువసార్లు టీచరు నుంచే వస్తుంది. రాత్రి పదకొండింటికి గుసగుసగా ఫోన్ చేస్తుంది. నువ్వు వెళ్లు, సీడీపీవోకు చెప్పు, పోలీసుల్ని తీసుకెళ్లు. కానీ ఎవరు చెప్పారని ఊళ్లో అడిగితే ఆ పేరు నీ నోట రాకూడదు. నువ్వు జీపెక్కి వెళ్లిపోతావు, ఆమె ఆ ఊళ్లోనే బతకాలి, అదే బావి నీళ్లు తాగాలి. 2006 చట్టంలో మేజిస్ట్రేటు దగ్గర నుంచి ఆపుదల ఉత్తర్వు తెచ్చుకునే వీలుంది. అది ఉండగా చేసిన పెళ్లి చెల్లనే చెల్లదు. పందిట్లో గొడవపడడం కన్నా రెండ్రోజుల ముందు ఆ కాగితం తెస్తే అమ్మాయి పరువూ నిలుస్తుంది. ఆ తర్వాత బడికి పోతోందా అని నెలనెలా చూడు. చాలామంది ఆపిన పెళ్లి ఫోటో పేపర్లో వచ్చేదాకానే ఉంటారు. మూడు నెలలకు వేరే ఊళ్లో గుడిలో తాళి కడతారు.

ఫోటో అంటే గుర్తొచ్చింది. పిల్ల దొరికినా, తప్పిపోయినా, పిల్లకు జరగరానిది జరిగినా వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టకు, పేరు పెట్టకు, ఊరి పేరూ పెట్టకు. పెడితే జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండు లక్షల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. జైలు భయంతో కాదు, ఆ పిల్లకు పదేళ్ల తర్వాత పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ఆ ఫోటో ఎవరి ఫోన్లోనో ఉంటుంది. పిల్లను ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు ఉంచాలి, ప్రయాణం సమయం పోను. 1098 ఫోన్ నంబరు సెంటర్ గోడ మీద పెద్దక్షరాలతో రాయించు. పసిగుడ్డు దొరికితే ఊళ్లో పిల్లల్లేని దంపతులు మేం పెంచుకుంటామని చేతులు చాపుతారు. మంచివాళ్లే అయ్యుంటారు. ఇవ్వకు. 1999లో, 2001లో తండాల ఆడపిల్లల్ని కొని దత్తత పేరిట అమ్ముకున్న వ్యవహారం బయటపడి రాష్ట్రమంతా అట్టుడికింది. అక్కడా మొదట చెయ్యి చాపినవాళ్లు మంచివాళ్లలాగే ఉన్నారు.

ఏడవడం గురించి కూడా చెప్పాలి. ఏడుపొస్తుంది. సెంటర్లో మాత్రం వద్దు, బస్సులో కిటికీ పక్కన సీటు చూసుకుని ఏడువు, నేను అట్లాగే చేసేదాన్ని. ఇంటికొచ్చి మీ అమ్మకు అన్నీ చెప్పకు, మళ్లీ బ్యాంకు పరీక్ష అంటుంది. నాకు ఫోన్ చెయ్యి, పది దాటినా పర్వాలేదు.

పుస్తకాలు, గ్రోత్ చార్టులు ఎట్లాగూ ఆఫీసులో ఇస్తారు. నువ్వు బ్యాగులో పెట్టుకోవాల్సింది ఒకటుంది, కిలో ఉప్పు ప్యాకెట్టు. మొదటి సెంటరుకు పోగానే ఏ పిల్లనూ ఎక్కించకముందు దాన్ని కాంటా మీద పెట్టు. నేను చూసినవాటిలో ఒకటి కిలోకు కిలోన్నర చూపించింది, రెండేళ్లుగా ఎవరూ చూడలేదు. కిలో అని చూపిస్తే సరే, పిల్లల్ని పిలువు. ఆ ఉప్పు తిరిగి తెచ్చుకోకు, ఆయమ్మకిచ్చి రా. సరుకు రాని నెల పప్పులోకి పనికొస్తుంది.

మీ అత్త