జట్టుగా బయలుదేరిన పెద్దలు

హైదరాబాదు శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట కాలనీల్లో పిల్లలు అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లిపోయిన ఇళ్లు చాలానే ఉన్నాయి. ఆ ఇళ్లలోని పెద్దవాళ్లు ఇప్పుడు జట్టు కట్టి సింగపూర్, శ్రీలంక చూసొస్తున్నారు.

గుంపుగా పోవడం మనకు కొత్త కాదు. 1830 మేలో ఏనుగుల వీరాస్వామయ్య అనే యాత్రికుడు పెద్ద పరివారంతో మద్రాసులో బయలుదేరి, హైదరాబాదు మీదుగా నాగపూర్ దారి పట్టి కాశీ చేరారు. తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు!

ఇప్పటి ప్రయాణం నాలుగైదు రోజులే. అయినా తోడు కావాల్సిందే. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. షుగర్ మందు వేళ ఇట్టే తప్పిపోతుంది. "వదినె, టిఫిన్‌కు ముందు గోలి ఏసుకున్నవా?" అని అడిగే మనిషి పక్క గదిలో ఉండాలి. మోకాళ్ల నొప్పితో ఒకరు వెనకబడితే బస్సంతా ఆగాలి, విసుక్కోకుండా.

భర్త పోయాక గడప దాటని ఒక పెద్దావిడ ఈసారి విమానంలో కిటికీ పక్క సీటు అడిగి మరీ కూర్చున్నారట. వింటే నా మనసు నిండిపోయింది. యాత్ర ముగిసినా ఆమె వెళ్లిన జట్టు విడిపోలేదు. సాయంత్రాలు శామీర్‌పేట చెరువు దగ్గర కలుస్తున్నారు. ఎవరైనా రెండు రోజులు కనబడకపోతే, ఇంటికే వెళ్లి తలుపు తడుతున్నారు.