వద్దన్న ముద్ద

పెట్టిన ముద్ద వద్దనడం చిన్న పని కాదు. మన దేశంలో ఒకరు పెట్టింది ఇంకొకరు వద్దన్నారంటే దాని వెనక నిండిన కడుపన్నా ఉండాలి, కులమన్నా ఉండాలి. కడుపు నిండినోడు వద్దంటాడు. పెట్టిన చెయ్యి గిట్టనోడు వద్దంటాడు. ఈ రెండూ కాక మూడో ‘వద్దు’ ఒకటుందని నాకు 36వ ఏట తెలిసొచ్చింది. ఆకలవుతుంది. పెట్టిన చెయ్యంటే ప్రాణం. అయినా ముద్ద దిగదు. ఈ మూడో వద్దుని, ఆ రెండో వద్దుని ఎట్లా వేరుచేసి చూడాలి? నేను తేల్చుకోవాల్సి వచ్చిన ప్రశ్న ఇదే.

నేను గుంటూరు జిల్లాలో సర్కారు బడి పంతుల్ని. మా ఇంటా వంటా నాకు ముందు డిగ్రీ లేదు. మా అమ్మ మిరపకాయలు కోసి నన్ను చదివించింది. కోతల రోజుల్లో సాయంత్రానికి చేతులు భగభగ మండేవి. మజ్జిగలో ముంచుకుని కూచునేది. ఆ చేతుల్తోనే రోట్లో కారం నూరి, ఉప్పుగల్లు వేసి, అన్నంలో కలిపి పెట్టేది. కారం తెగ తింటారని మా పల్లె మీద ఒక మాట ఉంది. కూర లేని కంచంలో కారమే కూర. వేలెడు కారంతో పళ్ళెం అన్నం దిగుద్ది. ఆ మాట అన్నోళ్ళకి ఈ లెక్క తెలియదు.

నాకు ఛాతీ నడుమ గడ్డ ఉందన్నారు. లింఫోమా అని పేరు చెప్పారు. ముందు కీమో, తర్వాత ఛాతీకి రేడియేషన్. వారానికి 5 రోజుల చొప్పున 20 సిట్టింగులు. బల్ల మీద పడుకోవాలి, కదలకూడదు, కాసేపటికి లేచి రావాలి. ఆ కాసేపూ నొప్పేమీ తెలియదు. రెండు వారాలు ఇంతేగదా అనుకున్నా. మూడో వారంలో మంచినీళ్ళు మింగితే రొమ్ము ఎముక వెనకాల గాజుపెంకు గీసుకుంటా దిగినట్టయింది.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. అన్నవాహిక ఛాతీ మధ్యలోంచే కిందికి పోతుంది. రేడియేషన్ దెబ్బ జోరుగా పెరిగే కణాల మీద ఎక్కువ పడుతుంది. గడ్డలో ఉన్నవీ అట్లాంటివే, అన్నవాహిక లోపలి పొరవీ అట్లాంటివే. ఆ పొర పల్చబడి, వాచి, పుండవుతుంది. వైద్యం అయిపోయాక కూడా కొన్ని వారాలుండి, చాలామందికి మానిపోతుంది.

ఆమె చెప్పిన పథ్యం ఇది. కారం, చింతపండు, నిమ్మకాయ, పచ్చళ్ళు ఆపాలి. పొగలు కక్కే తిండి వద్దు, గోరువెచ్చగానో చల్లగానో తినాలి. రోజుకి ఆరేడు సార్లు కొంచెం కొంచెం తినాలి. పిసికిన పెరుగన్నం, రాగిజావ, పాలు, మెత్తటి గుడ్డు మంచిది. తినే ముందు గొంతుకి తిమ్మిరెక్కించే మందు తాగాలి. కూచునే తినాలి, తినగానే పడుకోకూడదు. బరువు తగ్గకుండా చూసుకోవాలి. మంచినీళ్ళు కూడా దిగకపోయినా, జ్వరమొచ్చినా ఆలస్యం చెయ్యకుండా రావాలి. వైద్యం అయిపోయిన కొన్ని నెలలకి పొడిదగ్గు, ఆయాసం వచ్చినా చెప్పాలి. పెద్దకూర సంగతి అడిగా. “ముక్క ఇప్పుడొద్దు, అడ్డం పడుద్ది. మెత్తగా ఉడికించి, కారం లేకుండా ఆ రసం తాగండి. బలమే” అంది.

అమ్మకి కారం లేని కూర అంటే సగం కారం వేసిన కూర. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళెంబడి నీళ్ళు కారుతుంటే కంచం పక్కకి జరిపా. అమ్మ కాసేపు మాట్లాడలా. తర్వాత అంది: “నా చేతి కూడు ఊళ్ళో ఎవురూ తినరు నాయనా. నువ్వు తింటావనే వండుకుంటా వచ్చా. నీక్కూడా పనికి రాకుండా పోయిందా?”

ఈ మాట పుండు కంటే లోతుకి దిగింది. అమ్మ చెయ్యి నాటితే పనికొచ్చింది, కలుపు తీస్తే పనికొచ్చింది, కోస్తే పనికొచ్చింది. ఆమె కోసిన మిరపకాయ ఏ ఇంటి కూరలో పడినా ఎవరూ అంటు అనలా. ఆ చెయ్యి ఉడికించిన అన్నమే అంటయింది. అరవై ఏళ్ళుగా ఒకే రకం ‘వద్దు’ విన్న మనిషికి నా వద్దు కూడా అట్లానే వినపడితే తప్పు ఆమెది కాదు.

తప్పు ఆ పాత వద్దుది. అదెప్పుడూ తన పేరు తాను చెప్పదు. బళ్ళో చేరిన కొత్తల్లో నేను ఇంటినుంచి స్వీటు చేయించి స్టాఫ్‌రూముకి తెచ్చా. ఒకాయన “ఇవాళ ఉపవాసం మేష్టారూ” అన్నాడు. ఇంకొకాయన “కడుపు బాగాలేదండీ” అన్నాడు. మధ్యాహ్నం ఇద్దరూ క్యారేజీలు విప్పారు. కులం అట్లా ఒంటిమీద నెపం పెట్టి తప్పుకుంటుంది. ఇప్పుడు నిజంగానే నా ఒళ్ళు బాగాలేదు. చెప్పడానికి నా దగ్గరున్నవి కూడా ఆ మాటలే. అబద్ధానికి వాడి వాడి మైలచేసిన మాటల్తో నిజం చెప్పాల్సొచ్చింది.

పల్లెలో అదే జరిగింది. మా మేనత్త ఇంట్లో ఫంక్షన్‌కి పోయి పెద్దకూర వద్దన్నా. “పంతులయ్యాడుగా, ఇంకేం సయిస్తది?” అంది అత్త. అందరూ నవ్వారు. చదువుకుని తిండి మార్చుకున్నోళ్ళని మావాళ్ళు చూశారు. ఆ అనుమానానికి కారణముంది. అక్కడే కూచుని చొక్కా గుండీలు తీసి నల్లబడిన చర్మం చూపించా. గొంతులో పుండుందని, ముక్క మింగలేనని, పులుసుని కారం వెయ్యకముందే ఒక గ్లాసుడు తీసి ఉంచితే తాగుతానని చెప్పా. అత్త లేచి పొయ్యి దగ్గరికి పోయి, ఉడికిన నీరు గిన్నెలో తెచ్చి, ఆరబెట్టి ఇచ్చింది. “ఇది దిగుద్దేంరా?” అని అడిగింది.

నాకు జవాబు అక్కడ దొరికింది. నా వద్దు నా గొంతు గురించి చెప్తుంది. కులం వద్దు ఎదుటివాళ్ళ చెయ్యి గురించి చెప్తుంది. నా వద్దుకి కారణం పైకి చెప్పొచ్చు, చూపించొచ్చు. అది విన్నాక పెట్టేవాళ్ళు ఇంకో దారి వెతకొచ్చు. కులం వద్దుకి ఆ దారి లేదు. ఉప్పు తగ్గించినా, చేతులు వందసార్లు కడిగినా ఆ వద్దు మారదు.

వేరు గ్లాసు సంగతి కూడా ఇంతే. నేను స్టీలు గ్లాసు, చెంచా వెంట తెచ్చుకుంటుంటే ఒక ఉపాధ్యాయుడు “మంచిది లెండి, రేడియేషన్ గదా” అని కుర్చీ జరుపుకున్నాడు. కాన్సరు అంటుకోదు. బయట మిషను నుంచి ఇచ్చే రేడియేషన్ ఒంట్లో నిలవుండదు. లైటు ఆర్పాక గదిలో వెలుగు మిగలనట్టే. ఇది ఆయనకి చెప్పా, తరగతిలో పిల్లలకీ చెప్పా. హోటలు చూరులో మా నాయన కోసం పెట్టిన గ్లాసు కూడా వేరు గ్లాసే. ఆ గ్లాసు తాగినోడే కడిగిపెట్టాలి. అది ఎవరి అవసరం? మా నాయనది కాదు. నా గ్లాసు నా అవసరం. దాన్ని మా అమ్మ కడుగుతుంది. అందరికీ ఒకటే పెట్టడం సమానత్వం అనుకుంటే నా కంచంలో కూడా కారమన్నమే వడ్డించాలి. రిజర్వేషన్ని ‘ప్రత్యేక కంచం’ అని ఎగతాళి చేసేవాళ్ళు పుండు సంగతి ఎత్తరు, గిన్నె సంగతే మాట్లాడతారు.

సర్కారు బళ్ళలో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. వంటవాళ్ళుగా దళితులకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో చెప్పింది. ఆ తర్వాత కూడా దళిత స్త్రీ వండిందని పిల్లల్ని తిననివ్వని ఊళ్ళ వార్తలు ఈ దేశంలో చదువుతూనే ఉన్నాం. ఆ పిల్లల గొంతుల్లో పుండు లేదు. పెద్దోళ్ళు పెట్టిన భయం అడ్డం పడింది.

అత్త అడిగిన మాటే ఇంటికొచ్చి అమ్మకి చెప్పా. మర్నాటి నుంచి అమ్మ వండేముందు “ఏది దిగుద్ది?” అని అడగడం మొదలుపెట్టింది. రాగిజావలో మజ్జిగ పోసింది. పెసరపప్పు మెత్తగా ఉడికించి మెదిపింది. తనూ కారం మానేస్తానంది. వద్దన్నా. నా పుండుకి నీ కంచం చప్పబడనక్కర్లేదు అన్నా. ఒకే పంక్తిలో కూచున్నాం, రెండు రకాలు తిన్నాం.

ఇప్పుడు బడిలో అన్నం వదిలిన పిల్లాణ్ణి చూస్తే, అన్నం పారేస్తే కళ్ళుపోతాయని నేను బెదిరించను. పక్కన కూచుని ఏమైందని అడుగుతా. పన్ను నొప్పి అంటే మెత్తగా పిసికించి పెట్టిస్తా. కారణం చెప్పకుండా వంటామె వైపు చూస్తే, ఆ కంచంలోంచే ఒక ముద్ద తీసుకుని వాడి ముందు నేను తింటా. తర్వాత వాళ్ళ నాయనని పిలిపిస్తా.