సంపాతి నిరీక్షణము



శ్రీమద్రామాయణమునందు ఇరువురు గృధ్రసోదరులు కానవచ్చుచున్నారు. జటాయువు చిన్నవాడు, సంపాతి పెద్దవాడు. జటాయువు కథ నెరుగని తెలుగిల్లు లేదు. సీతమ్మకొరకు రావణునితో పోరి నేలకొరిగిన ఆ పక్షికి సాక్షాత్తు శ్రీరాముడే అంత్యక్రియలు జరిపెనని తోటలలోని రామభజన మందిరములందు పెద్దలు చెప్పుకొని కన్నీరు పెట్టుకొనెడివారు. సంపాతి మాట అంతగా వినబడదు. అతడు పోరాడలేదు, ప్రాణమర్పింపలేదు. ఒకచోట పడియుండి, చాలకాలము వేచియుండెను. కాని 2020వ సంవత్సరమున ఆకాశమార్గములు మూతపడి, సింగపూరునందలి జురాంగ్ ఐలాండ్ పనులకు వచ్చిన తెలుగుబిడ్డలు ఇల్లు చేరు దారిలేక నిలిచిపోయిన సంగతి తలచినప్పుడు, వీరజటాయువు కంటె ఈ రెక్కలు లేని అన్నయే ముందుగా మనస్సునకు వచ్చును.

జురాంగ్ ఐలాండ్ పుట్టుకతో ద్వీపము కాదు. పూర్వమచట ఏడు చిన్న దీవులుండెడివి. వానిలో జాలరుల పల్లెలుండెడివి. 1995లో ఆరంభమైన పనితో దీవుల నడుమనున్న సముద్రమును ఇసుకతో పూడ్చి, ఏడింటిని ఒకటిగా కూర్చిరి. 2000 అక్టోబరు 14న ఆ ద్వీపమునకు ప్రారంభోత్సవము జరిగెను. పూడ్చుపని 2009 వరకు సాగెను. మొదట వేయి హెక్టారులకు లోబడియున్న నేల నేడు సుమారు 3,000 హెక్టారులైనది. చమురుశుద్ధి కర్మాగారములు, రసాయనశాలలు, విద్యుత్కేంద్రములు కలిపి నూటికి పైబడిన సంస్థలచటనున్నవి. ప్రధానభూమినుండి కట్టమీది రహదారియే దానికి దారి. పాసు లేనివాడు దాటరాదు. వానరులు కట్టిన సేతువు అందరికొరకు తెరచియుండెను. ఈ సేతువునకు కాపలా కలదు. అగ్నిని, విషవాయువును కడుపులో దాచుకొనిన చోటు గనుక ఆ కాపలాను తప్పుపట్టుటకు వీలులేదు.

ఆ గొట్టములకు వెల్డింగు చేయువారు, ఆకాశమంటు ఉక్కుగోపురములచుట్టు పరంజా కట్టువారు, యంత్రములను నిలిపి శుభ్రపరచు మరమ్మతుల కాలమున రాత్రింబగళ్లు శ్రమించువారు అనేక దేశములనుండి వచ్చినవారు. వారిలో శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాల యువకులు గలరు. నూరునూటయేబది సంవత్సరములక్రిందట ఓడలెక్కి నేటాలునకు, మారిషసుకు, ఫీజీకి, మలయాకు పోయినవారిలో ఎందరో ఆ ఊళ్లవారే కదా! కాగితముపై వేలిముద్రకు బదులు నేడు సంతకమున్నది, ఓడకు బదులు విమానమున్నది. వెనుక విడిచిన తల్లి మాత్రము ఆ తల్లియే.

2020 మార్చి నెలలో కొరోనా వ్యాధి లోకమంతట వ్యాపించుచుండగా, భారతదేశము మార్చి 22 నుండి విదేశీ ప్రయాణికుల విమానములను నిలిపివేసెను. మరునాటి రాత్రినుండి సింగపూరు తాత్కాలిక సందర్శకులకు ద్వారములు మూసెను. మార్చి 25న ఉగాది. ఆనాడే భారతదేశమంతట లాక్‌డౌను మొదలయ్యెను. కొత్త సంవత్సరము పేరు శార్వరి. శార్వరి యనగా రాత్రి. పంచాంగకర్తలు అరువది పేర్లను వరుసగా చెప్పుదురేగాని ఏరి పెట్టరు. అయినను ఆనాడు ఆ పేరు విన్నవారికి గుండె కలుక్కుమనక మానలేదు. దేవాలయములలో సామూహికారాధనలు నిలిచినందున ఏప్రిల్ 2న శ్రీరామనవమి పందిళ్లు లేకయే గడచినది.

ఏప్రిల్ 5న సింగపూరులో రెండు పెద్ద కార్మిక వసతిగృహములను దిగ్బంధించిరి. సుమారు 20 వేలమంది గదులు దాటరాదనిరి. రెండు రోజులకు దేశమంతట ఆంక్షలు వచ్చెను. ఏప్రిల్ 21 నాటికి వసతిగృహములన్నిటి రాకపోకలు నిలిచెను. ఆ గృహములలోని కార్మికులు మూడులక్షల ఇరువదివేలకు పైగా నుండిరి. చమురుశాలలు, విద్యుత్కేంద్రములు పూర్తిగా ఆరిపోరాదు గనుక అత్యవసరపు పనివారిలో కొందరిని వేరు వసతులకు తరలించి పని సాగించిరి. తక్కినవారు మంచములమీద కూర్చుండిరి. ఆ సంవత్సరాంతమున ప్రభుత్వము ప్రకటించిన లెక్కనుబట్టి వసతిగృహవాసులలో నూటికి 47 మందికి వ్యాధి సోకియుండెను. మరణించినవారు మిక్కిలి తక్కువ. వైద్యము అందినదన్నది సత్యము. కాని నగరమున నివసించువారు వీధిలో నడచిన తరువాతకూడ చాలకాలము ఈ పనివారు అనుమతిలేక గడప దాటలేకపోయిరన్నదియు సత్యమే. ఒకటి చెప్పి రెండవది దాచుట ధర్మము కాదు.

ఇక కిష్కింధాకాండలోనికి వత్తము. సీతను వెదకుటకు దక్షిణదిశకు పోయిన అంగదుడు, హనుమంతుడు, జాంబవంతుడు మొదలగువారు సేవార్థము బయలుదేరిన దండు. కూలికి పోలేదు, దోపిడికి పోలేదు. అయినను వారికొక గడువుండెను, ఒక మాసము. గడువు మీరినవానికి దండన మరణమే. తిరుగులేని మాటను సుగ్రీవాజ్ఞ యని తెలుగువారు నేటికిని అందురు. గిరిమిటు కాగితము చూచిన పూర్వికులకు ఆ పదము వేరుగా వివరింపనక్కరలేదు.

దప్పికతో అలమటించుచు వానరులు ఒక బిలమునుండి తడిసిన రెక్కలతో పక్షులు వెలికివచ్చుట చూచి, లోపల నీరుండునని ప్రవేశించిరి. చీకటిలో చాలదూరము పోగా మయుడు నిర్మించిన బంగారువనము కనబడెను. స్వయంప్రభ యను తపస్విని వారికి ఫలములు, పానీయములిచ్చి ఆదరించెను. కాని ఆ బిలము ప్రవేశించినవానికి వెలికివచ్చు దారి దొరకదు. వెదకుచుండగనే రాజు పెట్టిన గడువు కాస్త గడచిపోయెను. సేవకై పోయి పరాయిచోట చిక్కుకొనుట లోకమున కొత్తగా వచ్చిన కష్టము కాదని వాల్మీకి మహర్షి ఆనాడే చూపెను.

తమ ఆకలి తీర్చినందులకు ప్రత్యుపకారమేమి చేయవలెనని హనుమంతుడడుగగా, తన ధర్మము తాను నడపుచున్నదాననియు, ఎవరును తనకేమియు చేయనక్కరలేదనియు ఆమె పలికెను. పిమ్మట అందరిని కన్నులు మూసుకొనుమని, రెప్పపాటులో వెలుపల విడిచెను. సింగపూరులో ఆ నెలలలో స్వయంప్రభలు లేకపోలేదు. అన్నపు పొట్లములు కట్టినవారు, ఫోను కార్డులు వేసినవారు, వైద్యుని మాటను రోగి భాషలో చెప్పిన దుబాసీలు అనేకులు. 1975లో స్థాపితమైన సింగపూరు తెలుగు సమాజము తనవారి సహాయమునకు పూనుకొనెను. మే 7న వందేభారత్ పేరిట భారతప్రభుత్వము ప్రత్యేక విమానములు నడుపనారంభించెను; మరునాడే సింగపూరునుండి ఢిల్లీకి ఒకటి బయలుదేరెను. ఢిల్లీలో దిగిన శ్రీకాకుళమువానికి ఇల్లు ఇంకను ఎంత దూరమో ఆలోచింపుడు! దేశములోపలి విమానములును మే 25 వరకు కదలలేదు.

బిలమునుండి వెలువడిన వానరులు గడువు మీరినదని గ్రహించి కూలబడిరి. అప్పుడు తారుడను వానరుడు ఒక ఉపాయము చెప్పెను: మరల ఆ బిలమునకే పోదము, తిండికి నీటికి లోటులేదు, రాముని భయములేదు, రాజు భయములేదు. అందరికి ఆ మాట నచ్చెను. హనుమంతుడు మాత్రము అంగీకరింపలేదు. అన్నము దొరికినచోటెల్ల ఇల్లు కాదని ఆయన ఎరుగును. అంగదుడు దుఃఖము పట్టలేక దర్భలు పరచి ప్రాయోపవేశమునకు కూర్చుండెను. తక్కినవారు చుట్టుచేరి ఏడ్చిరి. వాల్మీకి ఆ కన్నీటిని దాచలేదు, ఆ యువరాజును పిరికివాడని నిందింపలేదు. గదిలో కూర్చుండి ఫోనులో బిడ్డ ముఖము చూచి ఏడ్చిన పనివానిని చూచి, నీకు భక్తి చాలదని చెప్పువాడు రామాయణము చదివినవాడు కాడు.

సరిగా ఆ సమయమున కొండగుహనుండి సంపాతి వెలికివచ్చెను. ఒకప్పుడు అన్నదమ్ములిద్దరును సూర్యుని వెంట ఎగిరిరి. తమ్ముడు ఎండకు సొమ్మసిల్లగా అన్న తన రెక్కలు చాచి నీడపట్టెను. ఆ రెక్కలు కాలిపోయి వింధ్యపర్వతముపై పడెను. తమ్ముడు ఎటుపోయెనో తెలియదు. నాటినుండి కుమారుడైన సుపార్శ్వుడు తెచ్చిపెట్టిన ఆహారముతో కాలము గడపెను. ఇప్పుడు వానరుల మాటలలో జటాయువు పేరు వినబడెను. తమ్ముడు మరణించెనను సంగతి అప్పటికిగాని అతనికి తెలియలేదు.

భక్తులారా! ఇచట కొంచెము నిలువవలెను. తండ్రి పోయెనని ఫోనులో విని, పోవుటకు విమానము లేక, గదిలో పదిమంది నడుమ మౌనముగా గోడవైపు తిరిగి పండుకొనిన కుమారులు ఆ రెండేండ్లలో ఎందరుండిరో! దహనమును ఫోను తెరపై చూచిరి. తలకొరివి పినతండ్రి పెట్టెను, లేదా అల్లుడు పెట్టెను. తన ఋణము తీరదేమో, పితృదేవతలు అలుగుదురేమో యను శంక వారిని ఇంటికి చేరిన తరువాతను విడువలేదు. పూర్వికులలోను ఎందరో ఈ శంకతోనే కన్నుమూసిరి. సముద్రము దాటిన జాబు చేరునప్పటికి మాసములు గడచియుండెడివి. 1942లో మలయాకు ఓడలు నిలిచినప్పుడు మూడున్నర సంవత్సరములు ఆ జాబైనను లేదు.

ఈ శంకకు ధర్మశాస్త్రము ఎన్నడో సమాధానము చెప్పినది. దేశాంతరమందున్న కుమారునకు తల్లిదండ్రుల మరణవార్త విన్ననాటినుండియే ఆశౌచము. వినకమునుపు గడచిన దినములకు అతనియందు దోషములేదు. దూరమున్నవాడుండునని, వార్త ఆలస్యముగా చేరునని శాస్త్రకర్తలకు తెలియును. శ్రీరాముని చూడుడు. దశరథుడు మరణించునప్పటికి పెద్దకుమారుడు దగ్గర లేడు. దేహమును తైలద్రోణిలో ఉంచి, భరతుని రప్పించి, అతనిచేత దహనము చేయించిరి. రామునికి వార్త చిత్రకూటమునగాని తెలియలేదు. విని మూర్ఛిల్లి, లేచి, మందాకినిలో దిగి దక్షిణముఖుడై తర్పణమిచ్చెను. బియ్యపు పిండములకు అడవిలో చోటేది? గారపండ్ల గుజ్జును రేగుపండ్లతో కలిపి దర్భలమీద ఉంచెను. తాను తినునదే తండ్రికి పెట్టెను. కౌసల్య అది చూచి, భూమినేలిన మహారాజునకు ఈ తిండియా యని విలపించెను. ఆమె దుఃఖము సహజము. కాని ఆ పిండము దశరథునకు చేరలేదని వాల్మీకి అనలేదు, ఏ ఆచార్యుడును అనలేదు. వసతిగృహపు స్నానపుగదిలో కొళాయినీరు దోసిట పట్టి తండ్రి పేరు తలచినవాని తర్పణమును చేరలేదని చెప్పుటకు ఎవరికి అధికారము?

సంపాతికి ఆ దోసిటినీరైనను అందుబాటులో లేదు. కొండదిగలేడు. తన్ను దింపుమని శత్రువులో మిత్రులో తెలియని ఆ కోతులనే వేడుకొనెను. అంగదుడు దింపెను. తరువాత వానరులే అతనిని సముద్రతీరమునకు మోసికొనిపోయి, తమ్మునికి జలమిచ్చిన పిమ్మట మరల మోసికొనివచ్చిరి. ఆకలితో, భయముతో, మరణమునకు సిద్ధపడి కూర్చున్నవారు చేసిన మొదటి పని ఇది. రామకార్యము తరువాతనే.

అటుపిమ్మట సంపాతి తన కథ చెప్పెను. రెక్కలు కాలి పడిన ఆ దినములలో నిశాకరుడను మహర్షి చెంతకు పోయి, ప్రాణము విడిచెదననెను. ఆ ముని చెప్పిన మాట విచిత్రమైనది. నీకు రెక్కలు ఇప్పుడే ఈయగలను, కాని ఇచటనే యుండి నీవు లోకమునకు చేయవలసిన కార్యమొకటి కలదు, రామదూతలు వత్తురు, వారికి సీత జాడ చెప్పుము అనెను. ముని స్వర్గస్థుడైన తరువాత ఎనిమిదివేల సంవత్సరములు గడచెను. పలుమార్లు చావవలెనని తోచినను మునిమాట తలచి ఆగితినని సంపాతియే చెప్పెను. ఈ ఘట్టమును చదివి, వ్యాధిని దేవుడే పంపెనని, చిక్కుబడుట వరమని చెప్పువారుందురు. అది కాదు. రెక్కలు కాలుట వరము కాదు. తమ్మునికి నీడపట్టినందువలన కలిగిన గాయము. ముని ఆ గాయమును మంచిదనలేదు. గాయపడినవాడు పనికిరానివాడు కాడనెను. రెక్కలు పోయినను చూపు పోలేదు. నూరు యోజనముల అవతల లంకలోనున్న సీతమ్మను ఆ కొండమీదనుండియే అతడు చూడగలుగుచుండెను. ఎగురగలిగిన పక్షులకు తెలియనిది ఎగురలేనివానికి తెలిసెను.

వసతిగృహములలో ఇట్టివారు కనబడిరి. తమకే దారిలేదు, అయినను పక్కమంచమువానికి జ్వరమైనప్పుడు గంజినీరు పట్టిరి, చదువురానివానికి ఆంగ్లములోని నోటీసు చదివి చెప్పిరి, ఇంటికి డబ్బు పంపు విధము నేర్పిరి. ఏ సంఘపు జాబితాలోను వారి పేర్లు లేవు.

ఆ సముద్రభాగమందే సెయింట్ జాన్స్ ఐలాండ్ కలదు. 1874నుండి అచట క్వారంటైను కేంద్రముండెడిది. ఓడలలో వచ్చిన కూలీలలో ఎందరినో వ్యాధిభయముచేత అచట దింపి, దినములు లెక్కించి, పిదపనే సింగపూరు నేలమీదికి పంపెడివారు. ఆవలియొడ్డు దీపములను చూచుచు ఆ రాత్రులలో పక్కవానికి గంజినీరు పట్టినవారెవరో చరిత్ర వ్రాయలేదు. పెనాంగు చెంతనున్న జెరెజాక్ దీవి కథయు ఇట్టిదే. ఈ పుట చదువువారి ముత్తాతలలో కొందరు ఆ దీవులలో నిదురించినవారే కావచ్చును.

శార్వరి తరువాత వచ్చిన సంవత్సరము ప్లవ. ప్లవమనగా తెప్ప. 2021 ఏప్రిల్ 13న ప్రవేశించిన ఆ తెప్ప మెల్లగానే సాగినది. భారతదేశము విదేశములకు నియతవిమానములను మరల నడుపనారంభించినది 2022 మార్చి 27న, ప్లవ ముగియుటకు ఆరు దినములు ముందు. కొందరు ఇల్లు చేరిరి. కొందరు సమాధిని, కొందరు నడక నేర్చిన బిడ్డను చూచిరి. కొందరు అప్పు తీరలేదని మరల వచ్చి, పాసు చూపి, తెల్లవారుజాము బస్సులో ఆ కట్ట దాటిరి.

సంపాతి సీత జాడ చెప్పుచుండగనే, వానరులు చూచుచుండగా, అతని కాలిన భుజములనుండి ఎర్రని లేతరెక్కలు మొలచెను. అతడు ఆశ్చర్యపడి, వానరులతో ప్రయత్నము విడువవలదని చెప్పి, తన బలము మిగిలినదో లేదో తెలిసికొనగోరి కొండకొమ్మునుండి పైకెగిరెను. వానరులు తలలెత్తి కొంతసేపు చూచి, దక్షిణముగా నడచి సముద్రమునొద్దకు చేరిరి. అది దాటుటకు వారికి రెక్కలు లేవు. తీరమున కూర్చుండి, ఎవరు ఎంత దూరము దుముకగలరో ఒకరినొకరు అడుగుకొనసాగిరి.