కన్నబిడ్డకే అట్లయితే?

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 21:1–9



2025 జూన్ నెలలో గద్వాలకు చెందిన ఒక యువకుని హత్య సంగతి బయటపడినప్పుడు మన ప్రాంతమున వేరొక మాట లేకపోయెను. గద్వాల టీ కొట్టు దగ్గర అదే, వనపర్తి సంతలో అదే, నాగర్‌కర్నూలు పోవు బస్సులో అదే. పోలీసులు నిందితులను పట్టిన దినముననే జనుల తీర్పు ముగిసినది. ఏ శిక్ష వేయవలెనను దానియందు మాత్రమే భేదాభిప్రాయములుండెను. ఆదివారము ఆరాధన ముగిసి చెట్టు క్రింద నిలిచిన మనవారును ఆ తీర్పరులలో ఉండిరి. అది న్యాయస్థానము తేల్చవలసిన వ్యవహారము గనుక దానినిగూర్చి మేము ఇంతకంటె వ్రాయము. అయితే ఆ చెట్టు క్రింద ఒక పెద్దాయన మెల్లగా, "ముందుగాల సాక్ష్యం విననియ్యిండ్రయ్యా" అనగా, ఒక యువకుడు చటుక్కున, "నీ కన్నబిడ్డకే అట్లయితే ఏమంటవు తాతా?" అని అడిగెను. పెద్దాయన ఊరకుండెను. మేమును ఊరకుంటిమి.

ఆ ప్రశ్న ఎదుట ఎవడును నిలువలేడు. అది అడిగినవాని కోపము కూడ వట్టిది కాదు. హేబెలు రక్తము నేలనుండి మొఱపెట్టినదని ఆదికాండము 4వ అధ్యాయము చెప్పుచున్నది. మొఱ వినబడని చెవి మంచి చెవి కాదు. అయినను, ఆ ప్రశ్నకు ఊరకుండుట తప్ప వేరొక జవాబు లేదా అని ఇంటికి వచ్చి ఆలోచించినప్పుడు, నిజముగా కన్నబిడ్డకే అట్లయిన ఒక తల్లి మాకు జ్ఞప్తికి వచ్చినది.

2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నములోని ఒక హాస్టలులో ఆయేషా మీరా అను బి.ఫార్మసీ విద్యార్థిని శవమై కనబడెను. ఆమెను ఘోరముగా హింసించి చంపిరి. ఆమె తెనాలికి చెందిన ముస్లిము కుటుంబపు బిడ్డ. రాష్ట్రమంతయు అట్టుడికినది. హంతకుని పట్టుకొనుడని ఊరేగింపులు, పత్రికలలో దినదినము అదే వార్త. నెలలు గడచుచుండగా పోలీసులమీద ఒత్తిడి పెరిగెను. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతపు పేద దళిత యువకుడు సత్యంబాబును పట్టుకొని, ఇతడే హంతకుడనిరి. 2010 సెప్టెంబరు 29న విజయవాడ మహిళా న్యాయస్థానము అతనిని దోషియని తీర్పు చెప్పి శిక్ష విధించెను.

ఇక్కడ కథ ముగియవలెను గదా! బిడ్డను పోగొట్టుకొన్నవారికి న్యాయము జరిగెనని అందరు నిట్టూర్పు విడువవలెను. అట్లు జరుగలేదు. ఆయేషా తల్లిదండ్రులు, అతడు మా బిడ్డను చంపినవాడు కాడు, అసలువారిని విడిచి ఇతనిని పట్టిరి అని మొదటినుండి చెప్పుచు వచ్చిరి. తీర్పు తరువాతను అదే చెప్పిరి. తమ చేతికి ఇచ్చిన ఓదార్పును వారు పుచ్చుకొనలేదు.

ప్రియులారా, ఇది ఎంత కష్టమైన పనియో ఆలోచించుడి. ద్వేషించుటకు ఒక ముఖము దొరికినయెడల దుఃఖము కొంత తేలికపడును. ఇది మన గ్రామములలో చావు జరిగిన ప్రతి ఇంట మేము చూచిన సంగతి. ఆ ముఖము తప్పుడు ముఖమని ఒప్పుకొన్న తల్లి, తన దుఃఖమును మరల మొదటినుండి మోయవలెను. పరాయి ఇంటి బిడ్డకొరకు, అది కూడ తన బిడ్డను చంపెనని కోర్టు చెప్పినవాని కొరకు, ఆమె దానిని మోసెను.

2017 మార్చి 31న హైదరాబాదులోని హైకోర్టు దర్యాప్తును గట్టిగా తప్పుపట్టి, సత్యంబాబును నిర్దోషియని విడుదల చేయుమనెను. లక్ష రూపాయలు ఇయ్యవలెనని ఆజ్ఞాపించెను. రాజమహేంద్రవరపు కారాగారమునుండి అతడు బయటికి వచ్చునప్పటికి పట్టుబడి ఎనిమిది సంవత్సరములు దాటెను. చెరలో ఉండగా అతడు నరముల జబ్బున కూడ పడెను. ఎనిమిదేండ్ల యౌవనమునకు లక్ష రూపాయలు! అతనికి శిక్ష పడిననాడు మా ఊళ్ళలో ఎంత మాటలాడుకొనిరో మాకు తెలియును. విడుదలైన నాడు ఎవరును దానిని ఎత్తగా మేము వినలేదు.

ఇప్పుడు పైన చెప్పిన ధ్యాన భాగమును తెరచి చదువుడి. పొలములో ఒక శవము పడియున్నది, చంపినవాడు తెలియడు. అట్టి సమయమున ఏమి చేయవలెను? పెద్దలును న్యాయాధిపతులును వచ్చి, శవమునుండి చుట్టునున్న ఊళ్ళకు దూరము కొలువవలెను. భూమి కొలతలు మనకు క్రొత్త కాదు. గట్టు తగాదాకు మనము తీయించు కొలతను, ఒక ప్రాణము పోయినచోట దేవుడు తీయుమనెను. దగ్గరి ఊరి పెద్దలు పని చేయని పెయ్యను ఏటి లోయకు తోలుకొనిపోయి, అక్కడ దాని మెడ విరుగదీసి, దానిపైని చేతులు కడుగుకొని, ఈ రక్తము మేము చిందింపలేదు, మా కన్నులు చూడలేదు అని ఒప్పుకొనవలెను. ఎవడో ఒక బాటసారిని పట్టుకొనిరండి, ఊరివారి కోపము చల్లారును అని అక్కడ లేదు. తెలియదు అని పెద్దలందరు నిలిచి చెప్పుటకు దేవుడు ఒక క్రమమునే ఏర్పరచెను! అంతేకాదు, ఆ దినమున నేరము మోయునది ఊరే. మన దినములలో తెలియదనుట చేతకానితనమని పోలీసులకును తోచుచున్నది, టెలివిజనువారికిని తోచుచున్నది, మనకును తోచుచున్నది.

పేదవాడు గనుక అతనిని వెనకేసుకొని వచ్చుచున్నారా అని ఎవరైనను అడుగవచ్చును. లేదు. నిర్గమకాండము 23వ అధ్యాయములో సమూహము వెంట పోయి కీడు చేయవద్దని చెప్పిన మరు వచనముననే, వ్యాజ్యెమునందు బీదవానికని పక్షపాతము చూపవద్దనియు ఉన్నది. సాక్ష్యము వినుడి అనుటయే మా మాట. యేసును పట్టుకొనగోరిన సభలో, విచారింపకయే తీర్పు తీర్చవచ్చునా అని అడిగినవాడు నీకొదేము ఒక్కడే (యోహాను 7:50–51). వారు అతనికి కారణము చూపలేదు. నీవును గలిలయుడవేనా అని వెక్కిరించిరి.

మేము నీకొదేము కాలేదు. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున, మన పెద్దరోడ్డుమీదనే, షాద్‌నగరు దగ్గర చటాన్‌పల్లిలో, ఒక పశువైద్యురాలి హత్యలో పట్టుబడిన నలుగురిని పోలీసులు కాల్చిచంపిరి. విచారణ మొదలు కాలేదు. ఆ నలుగురును మన కృష్ణానది ప్రాంతమువారే, మక్తల్ వైపు పల్లెలవారు. జనులు పోలీసులమీద పూలు చల్లిరి. ఆ సాయంకాలము మా వీధిలో మిఠాయి పంచగా మేమును పుచ్చుకొని నోట వేసికొంటిమి. 2022లో సుప్రీము కోర్టు నియమించిన సిర్పూర్కర్ కమీషను, వారిని చంపు ఉద్దేశముతోనే కాల్చిరని తన నివేదికలో వ్రాసెను. వారిలో ముగ్గురు పదునెనిమిదేండ్లు నిండనివారని కూడ వ్రాసెను. ఆ నలుగురు నేరము చేసిరో లేదో ఇక ఏ న్యాయస్థానమును సాక్ష్యములు విని చెప్పజాలదు. చనిపోయిన ఆ వైద్యురాలికిని అది న్యాయము కాదు. ఆమె కథ కూడ వినబడకయే మూయబడినది. ఆ మిఠాయి సంగతి మేము ఇంతవరకు ఎవరితోను చెప్పలేదు.

మొన్న ఒక గృహకూటములో ఈ సంగతులు చెప్పి ద్వితీయోపదేశకాండము చదివితిమి. చెట్టు క్రింద ప్రశ్న అడిగిన యువకుడు అక్కడ ఉండెను. 2019 డిసెంబరులోనే సి.బి.ఐ. వారు తెనాలిలో ఆయేషా సమాధిని తెరచి ఎముకలను మరల పరీక్షించిరని విని అతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అయితే సంపినోడు ఎవరు?" అని అడిగెను.

తెలియదు అని చెప్పితిమి.