బాల్యమునకు కావలి

పదుమూడేండ్ల బాలిక జీవితమును ఉన్నదున్నట్లు చూపిన చిత్రమును పదుమూడేండ్ల బాలికలు తమంతట తాము చూడరాదని నియమించినచో, ఆ నియమము కాపాడుచున్నది ఎవరిని? పిల్లలనా, పెద్దల మనశ్శాంతినా? ఇది వాదమునకై కల్పించిన ప్రశ్న కాదు. 2018వ సంవత్సరము జూలై 13వ తేదీన అమెరికాలో విడుదలయిన ‘ఎయిత్ గ్రేడ్’ అను చలనచిత్రము విషయమున ఇది నిజముగనే పుట్టినది.

దానిని వ్రాసి, దర్శకత్వము వహించినవాడు బో బర్నమ్. పదునారేండ్ల ప్రాయమున, 2006లో, తన హాస్యగీతములను యూట్యూబులో ఉంచి పేరు గడించి, తరువాత వేదికలెక్కి జనులను నవ్వించుచు, ఆ వేదికల మీదనే గుండె దడదడలాడి ఊపిరి సలుపని భయమునకు లోనైనవాడు. ఆ భయమునకు తగిన పాత్ర యేదియని వెదకగా అతనికి ఎనిమిదవ తరగతి బాలిక కనబడినది. సుమారు 20 లక్షల డాలర్లతో తీసిన ఈ చిన్న చిత్రము సండాన్సు ఉత్సవమున మొదట ప్రదర్శింపబడి, విమర్శకుల మెప్పు పొంది, పెట్టుబడికి పలురెట్లు ఆర్జించినది. అమెరికా రచయితల సంఘమువారు 2019లో స్వతంత్ర కథారచనకు బహుమానమును దీనికే ఇచ్చిరి.

కథ స్వల్పము. కేలా డే అను బాలికకు ఎనిమిదవ తరగతిలో ఒక వారము మిగిలియున్నది. తల్లి ఇంట లేదు; తండ్రియే పెంచుచున్నాడు. తోటివారు ఆమెను అందరిలోను మిక్కిలి మౌనురాలని ఎన్నుకొందురు. ఆమె ఇంటికి వచ్చి, గది తలుపు మూసికొని, ఆత్మవిశ్వాసముతో మెలగుట యెట్లో, నలుగురిలో మాటలాడుట యెట్లో పరులకు బోధించుచు తన్ను తాను చిత్రించుకొని లోకమునకు పంపును. వినువారు లేరు. మనకు నవ్వు వచ్చును. కాని ఆ నవ్వు నిలువదు. తనకు లేనిదానినే ఆమె పంచిపెట్టుచున్నది. ధైర్యమును గూర్చి, సత్యమును గూర్చి సభలలో గంటలకొలది ఉపన్యసించి ఇంటికి పోవు మనకు ఆ బాలికను చూచి నవ్వు అధికారము ఎంతవరకు కలదో ఎవరికి వారే చూచుకొనవలెను.

ఈ చిత్రమునకు అమెరికా చలనచిత్ర సంఘమువారు ‘ఆర్’ అను ముద్ర వేసిరి. 1968లో ఏర్పడిన ఆ పద్ధతిని బట్టి 17 ఏండ్లు నిండనివారు తల్లిదండ్రులో, వయస్సు వచ్చిన సంరక్షకులో వెంట లేనిదే లోనికి పోరాదు. ఇది ప్రభుత్వము చేసిన చట్టము కాదు. చిత్రవ్యాపారులు తమకు తాము విధించుకొన్న కట్టుబాటు. అయినను ప్రదర్శనశాలలు పెక్కు దానిని పాటించును. చిత్రములోని భాషయు, కౌమారమునకు సంబంధించిన కొన్ని లైంగిక విషయములును కారణములని చెప్పిరి. కేలాగా నటించిన ఎల్సీ ఫిషర్‌కు అప్పటికి 15 ఏండ్లు. 2010లో ‘డెస్పికబుల్ మీ’ అను బొమ్మల చిత్రమున ఆగ్నెస్ అను చిన్నపిల్లకు గొంతు నిచ్చినది ఈమెయే. నాడు ఆ గొంతు వినుటకు లోకమందలి పసివారందరును అర్హులే. తన యీడువారి కథను ఆమె అభినయింపగానే, ఆ యీడువారే కాక ఆమెయు టిక్కెట్టు కొని ఒంటరిగా లోనికి పోజాలదాయెను!

చిత్రములోని ఒక ఘట్టమును ఇక్కడ తప్పక చెప్పవలెను. ఉన్నతపాఠశాల విద్యార్థి యొకడు కేలాను రాత్రివేళ ఇంట దిగబెట్టుటకు కారులో తీసికొనిపోవుచు, నడుమ బండి ఆపి, వెనుకసీటునకు వచ్చి కూర్చుండును. ఆట నెపమున ప్రశ్నలడుగును, చొక్కా విప్పును, ఆమెను గూడ అట్లే చేయుమనును. ఆమె వలదనును. అతడు బలాత్కరింపడు, కాని తానామె మేలుకొరకే ఇది తలపెట్టినట్లు మందలించును. అప్పుడా బాలిక చేయునదేమి? క్షమింపుమని వేడుకొనును. తప్పు చేసినవాడు అలుగును. తప్పించుకొన్నది మన్నింపు కోరును. తెర మీద అశ్లీలమేమియు కనబడదు. అయినను ఇంతకంటె భయంకరమైన దృశ్యములు చిత్రములలో అరుదు.

ఈ క్షమాపణ ఆమె యెక్కడ నేర్చుకొన్నది? ఎవరును దండించి నేర్పలేదు. అందరికి ఇష్టురాలుగా ఉండవలెను, ఎవరి మనస్సును నొప్పింపరాదు అను సుగుణమును ఆడపిల్లలకు ఉగ్గుపాలతో పోయుట అమెరికాలోనే కాదు, అన్ని దేశములలోను కలదు. ఆ సుగుణమే కారు వెనుకసీటులో అవతలివాని చేతి ఆయుధమగుచున్నది. పదుమూడేండ్ల పిల్ల ఈ సంగతి తెలిసికొనవలసినది కారెక్కకముందా, దిగిన పిమ్మటనా?

అవతలి వాదమును తేలికగా త్రోసివేయరాదు. లేత మనస్సునకు లోకపు రోతనంతయు ఇప్పుడే చూపనేల యని అడుగు తల్లి మూర్ఖురాలు కాదు. పిల్లలందరు ఒక్కతీరున ఎదుగరు. ఒకరికి కనువిప్పయినది మరియొకరికి కలతయగును. పైగా ‘ఆర్’ ముద్ర చూడవద్దనుట లేదు, పెద్దలతో చూడుమనుచున్నది. మన దేశమున ‘ఏ’ పత్రము పొందిన చిత్రమునకు 18 ఏండ్లు నిండనివారిని తండ్రి చేయిపట్టి తీసికొనిపోయినను రానీయరాదు. 2023లో మన చట్టమును సవరించి నడిమి తరగతిని 7, 13, 16 ఏండ్ల మెట్లుగా విభజించిరి గాని, ‘ఏ’ మాత్రము అట్లే యున్నది. ఆ విషయమున అమెరికావారి నియమమే మెత్తన.

కాని తండ్రి ప్రక్కన కూర్చుండి ఆ కారు ఘట్టమును కన్నెత్తి చూడగల కూతుళ్లు ఎందరు? చిత్రమే దీనికి సమాధానము చెప్పుచున్నది. కేలా తండ్రి మంచివాడు, ఓర్పు గలవాడు, కూతురే లోకమైనవాడు. రెండేండ్ల క్రిందట తన ఆశలను దాచుకొన్న పెట్టెను ఆమె ఒక రాత్రి పెరటిలో తగులబెట్టుచు, ఆ మంట చెంత అతనిని ఒక ప్రశ్న అడుగును. అది కారును గూర్చినది కాదు. తనవంటి కూతురు కలిగినందుకు అతడు విచారపడుచున్నాడా యని. అతని జవాబు విని కౌగిలించుకొనును. అంత ప్రేమ గల చోటను కారు మాట పైకి రాలేదు. ప్రేమ చాలక కాదు; తండ్రి నొచ్చుకొనునను వెరపు చేత. ఇట్టి బిడ్డలకు ముఖమెరుగని వారి నడుమ, చీకటిలో, తమ కథను తాము చూచుకొను చోటు ఒకటి ఉండుట మేలా, కీడా?

ముద్ర వేయు కొలమానమును గూర్చియు ఒక్కమాట. ఒకానొక బూతుమాట ఒకటికి రెండుసార్లు వినబడినచో సామాన్యముగా ‘ఆర్’ తప్పదు. తుపాకి మ్రోతలకు అట్టి లెక్క లేదు. తల్లిదండ్రులను హెచ్చరించి ఊరకుండు ‘పీజీ-13’ అను తరగతిని 1984లో ఏర్పరచిరి. ఆ తరగతి చిత్రములలో తుపాకుల హింస 1985 తరువాత మూడింతలకు మించినదని 2013లో ‘పీడియాట్రిక్స్’ అను వైద్యపత్రికలో వెలువడిన పరిశోధన తేల్చినది. ఇక ‘ఎయిత్ గ్రేడ్’లోనే, బడిలో తుపాకితో దుండగుడు చొరబడినచో దాగుకొనుట యెట్లో పిల్లలచేత అభ్యాసము చేయించు ఘట్టమున్నది. అమెరికా బడులలో ఇది వాడుక. ఆ అభ్యాసమునకు తగినంత పెద్దవారైన పిల్లలు, దాని చిత్రమును చూచుటకు మాత్రము చిన్నవారైరి. విమర్శకులు ఈ చిత్రమును కొనియాడినది అందలి సత్యమునకు గదా! సత్యము కాకున్నచో అనుమతి సులభముగ దొరకియుండెడిదేమో.

పంపిణీదారులైన ఏ24 సంస్థవారు 2018 ఆగస్టు 8వ తేదీ రాత్రి ఒక పని చేసిరి. 50 రాష్ట్రములలో రాష్ట్రమునకొక ప్రదర్శనశాల చొప్పున ఏర్పరచి, ముద్రను పాటింపక, రుసుము గొనక, వచ్చిన పిల్లలకు చిత్రమును చూపించిరి. ఇందు వ్యాపారపు మెలకువ లేదని నేననను. ఉచితప్రదర్శనను మించిన ప్రకటన యేది? అయినను ఎవరిని గూర్చి ఆ చిత్రము పుట్టినదో వారు పెద్దల తోడు లేకయే దానియెదుట కూర్చుండగలిగిరి. మరునాడు ఆ తలుపులయొద్ద మరల వయస్సు అడుగుట మొదలయ్యెను.