దర్శనం ఒకరిది, పాట అందరిది

"ఈ పాట నేను రాసింది కాదు, ప్రభువే కలలో నాకు ఇచ్చాడు" అనేవారు మన విచారణల్లో అప్పుడప్పుడు కనిపిస్తుంటారు. ఆ మాట విని కొందరు చేతులు జోడిస్తారు, మరికొందరు పెదవి విరుస్తారు. కాని దాని వెనుక ఒక నైతిక ప్రశ్న ఉంది. అంతుపట్టని అనుభవం కలిగిన మనిషి దానిని పాటగా కట్టి పదిమంది చేత పాడించవచ్చా? పాడిస్తే అతని మీద పడే బాధ్యత ఏమిటి?

ఈ ప్రశ్నకు పునీత హిల్డెగార్డ్ జీవితం చక్కని వెలుగునిస్తుంది. ఈమె జర్మనీ దేశంలో రైన్ నది ప్రాంతంలో 1098లో జన్మించిన మఠకన్య. చిన్నతనం నుంచే ఆమెకు ఒక వింత వెలుగు కనిపించేది. దానిని ఆమె చాలాకాలం బయటపెట్టలేదు. 1141లో, నలభై రెండేళ్ల వయసులో, చూసింది రాయమనే ఆజ్ఞ అందినప్పుడు కూడా భయంతో వెనుకాడింది. జబ్బుపడి మంచం పట్టిన తరువాతే కలం పట్టింది.

రాసిన దానిని ఆమె దాచుకోలేదు. వోల్మార్ అనే సన్యాసి ఆమె లాటిన్ వ్యాకరణాన్ని సరిదిద్దేవాడు. ఆ రచన పైఅధికారుల పరిశీలనకు వెళ్లింది. 1147-48లో ట్రియర్ నగరంలో జరిగిన సభ కాలంలో 3వ యూజీన్ పోపుగారు దానిని ప్రోత్సహించారు. దర్శనం దేవునిదని నమ్మిన మనిషే తన మాటలను ఇతరులు దిద్దడానికి ఒప్పుకుంది. దేవుడిచ్చింది కాబట్టి ఒక్క అక్షరం కూడా మార్చకూడదని ఆమె పట్టుబట్టలేదు.

ఇక ఆమె పాటల సంగతి చూడండి. డెబ్బైకి పైగా పాటలకు ఆమె మాటలూ రాగాలూ కూర్చింది. దర్శనాలు చెప్పే గ్రంథంలో "నేను చూశాను" అనే మాట పదేపదే వస్తుంది. పాటల్లో మాత్రం ఆ "నేను" దాదాపు కనిపించదు. అక్కడ ఉన్నది మరియమాత, పవిత్రాత్మ, పునీతులు. దర్శనం పొందిన మనిషి పక్కకు తప్పుకుంది. అందుకే ఏ వింతా చూడని మఠకన్య కూడా ఆ పాటను తన ప్రార్థనగా పాడుకోగలిగింది. ఆమె కూర్చిన సంగీత నాటకంలో సుగుణాలన్నీ పాడతాయి, పిశాచి మాత్రం పాడలేడు, అరుస్తాడు. తన గొప్ప తప్ప మరేమీ ఎరుగని వాడికి పాట ఎలా వస్తుంది?

ఆ వెలుగు పార్శ్వనొప్పి వల్ల కలిగినదని ఆలివర్ శాక్స్ అనే నరాల వైద్యుడు రాశాడు. కావచ్చు. దేవుడు మన శరీరం ద్వారా పని చేయకూడదని నియమం ఏమీ లేదు. నొప్పి నుంచి వెలుగు పుట్టవచ్చు కాని, నొప్పి ఒక్కటే పాట కట్టదు. ఆ వెలుగును ఏం చేసుకోవాలన్నది మనిషి నిర్ణయం. మంచిచెడ్డల లెక్క అక్కడే మొదలవుతుంది.

అసలు పరీక్ష ఆమెకు 1178లో ఎదురైంది. ఒకప్పుడు శ్రీసభ వెలివేసిన ఒక ప్రభువును ఆమె మఠం స్మశానంలో పాతిపెట్టారు. శవాన్ని తవ్వి బయట వేయమని మైన్జ్ గురుపెద్దలు ఆజ్ఞాపించారు. అతడు చనిపోకముందే శ్రీసభతో సమాధానపడ్డాడని చెప్పి ఆమె నిరాకరించింది. దాంతో మఠంలో దివ్యబలిపూజ ఆగింది, పాట ఆగింది. తలుపులు మూసుకుని జపాలు మెల్లగా చదువుకోవాలన్నారు. ఎనభై ఏళ్ల ఆ తల్లి శవాన్ని తవ్వనివ్వలేదు, నిషేధాన్నీ ధిక్కరించలేదు. దేవుని స్తుతిని ఆపించడం ఎంత భారమైన పనో వివరిస్తూ పెద్దలకు లేఖ రాసింది. 1179లో నిషేధం తొలగింది. అదే ఏడు సెప్టెంబరు 17న ఆమె కన్నుమూసింది. 2012లో 16వ బెనెడిక్ట్ పోపుగారు ఆమెను శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు.

ప్రియ పాఠకులారా, దేవుని నామాన్ని వ్యర్థంగా వాడరాదన్న రెండవ ఆజ్ఞ ఒట్లకే పరిమితం కాదు. "ఇది దేవుడిచ్చిన పాట" అనే మాటతో విమర్శకుల నోరు మూయించినా ఆ ఆజ్ఞను మీరినట్లే. అలాగని వింత అనుభవాన్ని గేలి చేయడమూ న్యాయం కాదు. ఆత్మ వరాలు సంఘం మేలు కోసమేనని పౌలుగారు కొరింతీయులకు బోధించారు. కొలత అదే.

మీకు అలాంటి అనుభవం కలిగితే పాట రాయండి. రాసి మీ విచారణ గురువులకూ గాయక బృందానికీ చూపండి. దిద్దితే దిద్దనివ్వండి, ఆగమంటే కొంతకాలం ఆగండి. మీ కల సంగతి తెలియని ఒక ముసలమ్మ పూజలో ఆ పాట పాడుతూ తన కష్టాన్ని ప్రభువుకు చెప్పుకోగలిగితే, ఆ పాట ఎక్కడి నుంచి వచ్చిందని మిమ్మల్ని ఎవరూ అడగరు. మీరు చెప్పుకోవలసిన పనీ ఉండదు.